నీలి చుక్క గొర్రెలు

సీసాను చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. గలగలమంది.

టైము మధ్యాహ్నం ఒంటిగంట. వాన తెరిపిచ్చి రెండు రోజులైంది, ఎండ చుర్రుమంటోంది. మా నాయిన గొంగడి పక్కన బండ మీద ఎంతసేపట్నించి పడి ఉందో గాని, సీసా గోరువెచ్చగా ఉంది. ఆ వేడికి అది గలగలమనకూడదు. గడ్డకట్టి, బోర్లించినా చుక్క రాలకుండా ఉండాలి. నాకు ఒళ్లు మండిపోయింది.

ఎందుకు మండిందో చెప్తాను. చెప్పకపోతే సీసాలో నీళ్లు కదిలినందుకు ఇంత రాద్ధాంతమా అనుకుంటారు.

మాది లింగాల మండలంలో చిన్న ఊరు. మా నాయిన కురుమయ్యకు ఎనభై జీవాలున్నాయి. గొర్రెల్ని మా దగ్గర జీవాలనే అంటారు. నేను వనపర్తిలో ఒక ఫార్మసీ కాలేజీలో ఎం.ఫార్మసీ చదివి, అక్కడే మానస మేడం కింద ప్రాజెక్టులో పనిచేస్తున్నాను. నా పని బ్లాక్ కోపాలిమర్ల మీద. ఈ మాట అనగానే అందరూ ఆవులిస్తారు, నాకు తెలుసు. ఆవులించండి, కానీ వినండి.

పాలిమర్ అంటే పొడుగాటి గొలుసు. మామూలు గొలుసులో ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే రకం లంకెలుంటాయి. నా గొలుసులో మూడు ముక్కలు. రెండు కొసలకూ నీళ్లంటే ప్రాణం. నడిమి ముక్కకు నీళ్లంటే పడదు. పడకపోయినా విడిపోయి వెళ్లలేదు, మూడింటినీ ఒకే గొలుసులో బిగించేశారు కాబట్టి. చల్లగా ఉన్నంతసేపు నడిమి ముక్క ఎలాగో నీళ్లతో సర్దుకుపోతుంది, అప్పుడు మందు నీళ్లలాగే పారుతుంది. వేడి తగిలిందా, ఇక ఓర్చుకోదు. నడిమి ముక్కలన్నీ ఒకచోట చేరి లోపలికి ముడుచుకుంటాయి, కొసలు బయటికి నీళ్లలో ఉంటాయి. అలా కంటికి కనిపించని ఉండలు లక్షల కోట్లు తయారవుతాయి. ఆ ఉండలు ఒకదాన్నొకటి ఒరుసుకుని, కదలడానికి సందు లేక ఇరుక్కుపోతే అదే జెల్. నెయ్యి, బెల్లం, మైనం వేడికి కరుగుతాయి. ఇది ఉల్టా, వేడికి గడ్డకడుతుంది.

నాయినకు మొదటిసారి చెప్పినప్పుడు కాగితం మీద బొమ్మ గీశాను. ఆయన బొమ్మ వంక చూడనేలేదు.

"నాయినా, ఎండాకాలం పగటిపూట జీవాలు ఏం చేస్తయ్?" అని అడిగాను.

"ఏం చేస్తయ్, ఒకదాని కడుపు కింద ఒకటి తలకాయ పెట్టి గుంపు కడ్తయ్. కట్టెతోని కొట్టినా కదలయ్."

"గిది గూడ గంతే. వేడి తగుల్తే తలకాయలు లోపలికి పెట్టి గుంపు కడ్తది."

నాయిన పడీపడీ నవ్వాడు. "గంత సదువు సదివి మల్ల మా గొర్ల కాడికే వస్తివా!" అన్నాడు. ఆ నవ్వు చూసి నాకు ఎంత గర్వమనిపించిందో చెప్పలేను. మా కాలేజీలో సగం మందికి అర్థం కానిది మా నాయినకు ఒక్క మాటలో అర్థమైంది.

ఈ జెల్ గొర్రెలకెందుకంటే, వానాకాలం దొడ్డి బురదైతే వాటి గిట్టల మధ్య చర్మం చీలి పుండ్లు పడతాయి. కుళ్లు వాసన కొడుతుంది. నడవలేక మోకాళ్ల మీద కూలబడి మేస్తాయి, మందలో వెనకబడతాయి. పుండుకు మలాం రాస్తే గొర్రె నాలుగడుగులు వేసేలోపు బురదలో తుడిచిపెట్టుకుపోతుంది. నా మందు అలా కాదు. చల్లటి సీసా నుంచి పోస్తే నీళ్లలా జారి గిట్టల చీలికలో సందుసందుకూ దూరుతుంది, ఒంటి వేడికి అర నిమిషంలో అక్కడే గడ్డకట్టి కూర్చుంటుంది. లోపలున్న మందు కొంచెం కొంచెంగా పుండుకు అందుతుంది. రెండేళ్లు ల్యాబ్‌లో పడి ఉండి చేసింది. గొర్రెల మీద పనిచేస్తుందని చూపిస్తే, మేడం దగ్గరున్న ఒకే ఒక్క పీహెచ్‌డీ సీటు నాది. లేకపోతే లేదు.

జంతువుల మీద ప్రయోగాలకు అనుమతిచ్చే కాలేజీ కమిటీ ఒప్పుకుంది. కుంటుతున్న నలభై జీవాల్ని రెండు భాగాలు చేశాం. ఇరవైకి వీపు మీద ఎర్ర రంగు చుక్క, ఇరవైకి నీలి చుక్క. ఎర్ర మూత సీసాలో జెల్, జెల్‌లో మందు. నీలి మూత సీసాలో ఉత్త జెల్. ఫలితం మందుదేనా, లేక జెల్ పుండును కప్పడం వల్లనేనా అని తేలాలంటే ఇదొక్కటే దారి. ముప్పయ్యో రోజున రెండింటికీ తేడా కనిపించాలి. కనిపిస్తే ఉత్త జెల్ పెట్టినవాటికి కూడా మందు పెట్టి మాన్పించాలని కమిటీ షరతు.

మేడం నా చేతికి ఒక కాగితం ఇచ్చింది. జీవాల యజమానికి చదివి వినిపించి సంతకం పెట్టించాలి. అందులో నాలుగో లైను, "ఒక రకం సీసాలో మందు ఉండదు, ఏ రకమో మీకు ముందుగా చెప్పము" అని.

"ఈ లైను తప్పకుండా చదవాలి యమునా. మీ నాన్నగారే అయినా సరే," అంది మేడం.

నేను చదవలేదు. చదివితే నాయిన ఒప్పుకోడు. కుంటే జీవాన్ని ఉత్తగా చూస్తూ ఊరుకోమంటే మా నాయిన నన్ను, నా కాగితాన్ని కలిపి బయట పడేస్తాడు. అందుకని "రెండూ మందులే నాయినా, ఏది మంచిగ పనిచేస్తదో చూస్తున్నం," అన్నాను. ఆయన సంతకం పెట్టాడు. పక్కన "చదివి వినిపించాను" అనే గడిలో టిక్కు నేనే కొట్టాను. పెద్ద తప్పేం కాదనుకున్నాను. మన ఇల్లే కదా, మన నాయినే కదా.

పదో రోజు వెళ్లి చూశాను. నా ఆనందం ఇంతా అంతా కాదు. ఎర్ర చుక్క వాటికి పుండ్లు ఎండిపోతున్నాయి. నీలి చుక్క వాటికి అలాగే పచ్చిగా ఉన్నాయి. తేడా అంటే అట్లా ఉండాలి. ఒక్కో కాలూ ఎత్తి ఫోటోలు తీసుకున్నాను, తిరుగు బస్సులో వాటిని చూసుకుంటూ కూర్చున్నాను. గోపాల్‌పేట ఎప్పుడు దాటిందో కూడా తెలియలేదు.

ఆ తర్వాత నాకు జ్వరం వచ్చింది. మిగతా ఇరవై రోజులకు సరిపడా జెల్ తస్లీమ్ చేసి పంపింది. తస్లీమ్‌ది నాగర్‌కర్నూల్. ఎం.ఫార్మసీ మొదటి ఏడాది నుంచి ఇద్దరిదీ ఒకే హాస్టల్ గది, ఒకే టిఫిన్ డబ్బా. ఆ సీటుకు తను కూడా అప్లికేషన్ పెట్టింది. ఎవరికొచ్చినా ఇద్దరం బిర్యానీ తినాలని ఒప్పందం చేసుకున్నాం.

మధ్యలో నాయినకు ఫోన్ చేసి, "ఎట్లున్నయ్?" అని అడిగేదాన్ని.

"అన్నీ ఒక్కతీరుగనే ఉన్నయ్ లే బిడ్డా. వానలు గద," అనేవాడు.

నేను పెద్దగా పట్టించుకోలేదు.

ముప్పయ్యో రోజు, అంటే సీసా గలగలమన్న రోజు, నలభై జీవాల కాళ్లూ ఎత్తి చూద్దామని పోయాను. ముప్పై తొమ్మిదే ఉన్నాయి. "ఒకటి పోయింది," అన్నాడు నాయిన. ఎలా పోయిందని నేను అడగలేదు, నా ధ్యాసంతా పుండ్ల మీదే ఉంది. ఎర్రవీ నీలివీ ఒకే తీరుగా ఉన్నాయి. పదో రోజు ఎండిన ఎర్రవాటి పుండ్లు కూడా మళ్లీ పచ్చి కొట్టాయి. తేడా లేదు, ప్రయోగం లేదు, సీటు లేదు. అప్పుడే బండ మీద ఆ ఎర్ర మూత సీసా కనిపించింది.

సీసాను బ్యాగులో వేసుకుని బస్సెక్కాను. తెలకపల్లి వచ్చేసరికి లెక్క తేలిపోయింది. మొదటిసారి జెల్ నేను చేశాను, బ్రహ్మాండంగా పనిచేసింది. రెండోసారి తస్లీమ్ చేసింది, నీళ్లు. సీటు ఒక్కటి, మనుషులం ఇద్దరం. ఇంకేం కావాలి?

ల్యాబ్‌లోకి వెళ్లి బ్యాగు కూడా దించలేదు.

"ఏం కలిపినవే?" అన్నాను.

తస్లీమ్ త్రాసులో ఏదో తూస్తోంది. అటెండర్ వెంకటన్న, ఇద్దరు జూనియర్లు అక్కడే ఉన్నారు. "ఏంది?" అంది.

"జెల్లు. రెండోసారి చేసింది నువ్వే గద? నీళ్లు పోసి పంపినవా?"

"యమ్నా, జర మెల్లగ."

"ఎందుకు మెల్లగ? సీటు కోసం వెన్నుపోటు పొడిచేటోళ్లకు లేని సిగ్గు నాకెందుకు? నాలుగేండ్ల సంది ఒక్క డబ్బల తిన్నం గదనే! నీకు కావాలంటే నోరు తెరిచి అడగాలె. ఇచ్చేస్తుంటి!"

అబద్ధం. ఇచ్చేదాన్ని కాదు. కోపంలో మనం ఎంత గొప్పవాళ్లమైపోతామో.

తస్లీమ్ మొహం తెల్లగా పాలిపోయింది. లేచి ఫ్రిజ్ తెరిచి, వెనక నుంచి చిన్న సీసా తీసింది. ఏ జెల్ చేసినా అందులోంచి కొంచెం తీసి దాచిపెట్టడం మా ల్యాబ్ పద్ధతి. సీసా మీద రెండో బ్యాచ్ తేదీ, తస్లీమ్ గుండ్రటి చేతిరాత. దాన్ని తెచ్చి నా అరచేతిలో పెట్టి, నా వేళ్లను తనే మడిచింది.

"పట్టుకో," అంది.

పట్టుకున్నాను. ఒక నిమిషం, రెండు నిమిషాలు.

"ఇగ ఉల్టా చెయ్."

బోర్లించాను. చుక్క రాలలేదు. లోపల జెల్ గాజులాగా నిలబడింది.

తస్లీమ్ నా బ్యాగులోంచి ఊరి నుంచి తెచ్చిన సీసా తీసుకుని, పది గ్రాములు తూచి చిన్న పళ్లెంలో పోసి, నీళ్లు ఇగిరిపోయేదాకా ఓవెన్‌లో పెట్టింది. సక్రమంగా ఉంటే పళ్లెంలో రెండు గ్రాముల పాలిమర్ మిగలాలి. అందులో మూడోవంతే మిగిలింది.

"ఒక్క సీసను మూడు సీసలు చేసిండ్రు," అంది తస్లీమ్. నాతో కాదు, పళ్లెంతో చెప్తున్నట్టు. "గన్ని నీళ్లు పోస్తే ఉండలు దూరం దూరం అయితయ్. ఇరుక్కునేటందుకే లేకపోతే ఇగ గడ్డెట్ల కడ్తది?"

"తస్లీమ్..."

"గీ ఒక్క పరీక్ష ముందుగాల చేస్తే అయిపోతుండె గద. నన్ను అనేటందుకు నీకు గింత తొందరేంది?" చున్నీ సర్దుకుని వెళ్లిపోయింది. ఆ రాత్రి గదికి రాలేదు, పక్క గదిలో పడుకుంది.

సీసా తస్లీమ్ చేతిలోంచి వెళ్లింది నాయిన చేతికే. మూడో మనిషి లేడు. ఈ లెక్క మాత్రం నేను తేల్చలేదు, దానంతటదే తేలింది. పరాయివాళ్లు మోసం చేస్తే నాలుగు తిట్టి తెంచుకుంటాం. నాయిన చేస్తే ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలి? నేను ఫ్యాను కింద పడుకుని, ఆయన కోసం చేసిన పని ఆయనే నీళ్లలో కలిపాడని తలచుకుని తలచుకుని ఏడ్చాను.

పొద్దున్నే మొదటి బస్సుకు పోయాను. నాయిన దొడ్డిలో ఉన్నాడు. ఒక గొర్రె కాలు ఒళ్లో పెట్టుకుని, చిన్న కత్తితో గిట్ట సందులో బురద గీకుతున్నాడు.

"నాయినా, సీసల నీళ్లు కలిపినవా?"

తలెత్తలేదు. "కలిపిన."

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని నేను అనుకోలేదు.

"ఎందుకు?"

"సరిపోలె."

"ఇరవైటికి సరిపొయ్యేటట్లే గద ఇచ్చింది!"

"అన్నిటికీ పెట్టిన. మల్ల ఇంకో పదిహేనిటికి అంటుకున్నది, వాటికి గూడ పెట్టిన. నీలి సీసలయి పారపోసిన. ఎర్రదాన్ల నీళ్లు పోసి అన్నిట్ల నింపిన. ఏ మందైనా నీళ్లల్ల కలుపుడే గద? పురుగుల మందు కలుపుతం, జీవాలకు తాపే మందు కలుపుతం. గిది గూడ గంతే అనుకున్న."

కోపంతో నాకు కళ్లు కనపడలేదు. "గంతే అనుకున్నవా? ఆరేండ్ల సదువు నాయినా! రెండేండ్లు ల్యాబుల చచ్చిన! నా బతుకు మొత్తం నీళ్లల్ల పోస్తివి! బయటోళ్లు చేస్తే ఏడ్చి ఊరుకుందు. నువ్వు చేస్తివి! నీ మీద నమ్మకంతోనే గద నీ మంద కాడికి తెచ్చిన? ఒక్క ఫోను చేసినవా? నీళ్లు కలపాల్నా బిడ్డా అని ఒక్క మాట అడిగినవా? ఫోను చేసినప్పుడల్ల అన్నీ ఒక్కతీరుగనే ఉన్నయ్, ఒక్కతీరుగనే ఉన్నయ్ అంటివి. నాకు చెప్పొద్దా?"

నాయిన గొర్రె కాలు మెల్లగా కింద పెట్టాడు. అది కుంటుకుంటూ పోయింది.

"నువ్వు నాకు చెప్పినవా?" అన్నాడు.

"ఏం చెప్పాలె?"

"నీలి సీసల మందు లేదని."

"నీకెవరు చెప్పిండ్రు?" అన్నాను. చూడండి నా బుద్ధి. అప్పటికీ ఎవరో నా మీద చాడీ చెప్పారనే అనుకున్నాను. తస్లీమ్ పేరు మళ్లీ నాలుక చివరిదాకా వచ్చింది.

"నువ్వే చెప్పినవ్."

"నేనా?"

"పదోనాడు వస్తివి గద. ఎర్ర చుక్కదాని కాలు ఎత్తి చూసి నవ్వినవ్. మానుతున్నది, బిడ్డ సంబరపడుతున్నది అనుకున్న. మల్ల మన నల్లగొర్రె, కర్రిదాని కాలు ఎత్తినవ్. దానిది నీలి చుక్క. గిట్టల నడుమ తెల్లగ పురుగులు మసలుతున్నయ్. గది చూసి గూడ నవ్వినవ్ బిడ్డా." నాయిన గొంతు ఎప్పటిలాగే ఉంది, కోపం లేదు. "ఫోటో కొట్టుకుంట నవ్వినవ్. పుండు మానకపోతే సంబరపడేటోళ్లు ఎవరుంటరు? గప్పుడే సమజైంది, గీ సీసల ఏం లేదని. దీన్ని మాననిస్తలేరని."

నేను ఏదో చెప్పబోయాను. తేడా కనిపించాలి నాయినా, అలా తేడా ఉంటేనే మందు గొప్పదని తెలుస్తుంది, ఆఖర్న అన్నిటికీ మందు పెట్టేవాళ్లమే. అవన్నీ నిజాలే.

"నువ్వు పోయిన మూడోనాడు మంద కాలువ కట్ట ఎక్కింది. కర్రిది ఎక్కలేకపాయె. మోకాళ్ల మీద ఎనకబడ్డది. నేను ముందల ఉన్న, చూసుకోలె. కుక్కలు పడ్డయ్. అరుపు విని ఉరికొచ్చేసరికే అంతా అయిపోయింది. రెండు పిల్లలు తాగుతుండె దానికి." తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "గా దినం నుంచే అన్నిటికీ పెట్టుడు మొదలువెట్టిన."

"నాకు చెప్పకపోతివి నాయినా."

"ఏమని చెప్పాలె? నా బిడ్డ నాకు అబద్ధం చెప్పిందని నా బిడ్డకే ఫోను చెయ్యాల్నా?"

"నిజం చెప్తే నువ్వు ఒప్పుకోకపోతుంటివి."

"ఒప్పుకోకపోతుంటి. గందుకే చెప్పాలె."

నాలో కోపం కూడా మిగల్లేదు, అదొక్కటే నాకు ఎప్పుడూ తోడుండేది. నాయిన ఇంకో గొర్రెను పట్టుకుని కూర్చున్నాడు. నేను వనపర్తి బస్సెక్కాను.

మేడం ముందు కూర్చుని అంతా చెప్పాను, టిక్కు సంగతితో సహా. ఆవిడ కాగితం తీసి నాలుగో లైను మీద వేలు పెట్టి, "ఇది చదివావా లేదా?" అని అడిగింది. చదవలేదన్నాను. ఆవిడ కేకలేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. ప్రయోగం రద్దు చేస్తున్నట్టు కమిటీకి ఆవిడే రాసింది, సీటుకు నా పేరు పంపడం లేదని కూడా నా ముందే చెప్పింది. "నీ జెల్‌లో లోపం లేదు యమునా, అదే నాకు బాధ," అంది. నాకు ఆ మాట చెంపదెబ్బలా తగిలింది.

ప్రయోగం ఆగింది గాని పుండ్లు ఆగలేదు. యాభై నాలుగు జీవాలు కుంటుతున్నాయి. అన్నిటికీ సరిపడా మందుతో జెల్ చెయ్యాలి, చల్లటి నీళ్లలో పాలిమర్ కరగడానికే ఒక రాత్రి పడుతుంది. నా ఒక్కదాని వల్ల కాదు. తస్లీమ్ పడుకున్న గది తలుపు కొట్టాను.

"నీతోని నాకు మాటల్లేవ్," అంది తలుపు సందులోంచి.

"నేనన్నదానికి..."

"ఒద్దు. గిప్పుడు ఒద్దు. జీవాలెన్ని?"

"యాభై నాలుగు."

"జీవాలకైతే చేస్తా. నీకు గాదు," అని చెప్పులేసుకుంది.

ఇద్దరం కలిసి చేశాం. తను తూచింది, నేను కలిపాను. అవసరమైన మాట తప్ప ఇంకో మాట లేదు. మర్నాడు ఐస్ డబ్బాలో సీసాలన్నీ సర్దుకుని లింగాల బస్సెక్కాం. నా పక్క సీటు ఖాళీగా ఉన్నా తను ముందు వరసలో కూర్చుంది. టికెట్లు మాత్రం ఇద్దరికీ తనే తీసింది.

మేం పోయేసరికి నాయిన మందను అప్పుడే బయటికి తోలబోతున్నాడు. నన్ను చూసి ఆగాడు. తస్లీమ్ దొడ్డి కంప బయటే, బురదలో సల్వార్ అంచులు పైకి పట్టుకుని నిలబడింది.

"గీమె తస్లీమ్ నాయినా. నాతోని పనిచేస్తది," అన్నాను.

నాయిన తల ఊపాడు. నేను డబ్బా తెరిచి ఒక సీసా తీశాను. ఈసారి అన్ని మూతలూ తెల్లవే. చల్లగా ఉంది, లోపల నీళ్లలా కదులుతోంది. ముందుకు చాపాను.

"గిది అన్నిటికీ నాయినా. నీళ్లు కలపొద్దు. దీన్ల మందున్నది."

నాయిన చెయ్యి చాపలేదు. సీసా వంక చూశాడు. నా మొహం వంక చూశాడు, చాలాసేపు, పదోనాడు చూసినట్టే కాబోలు. నేను నవ్వడం లేదు, ఏడవడమూ లేదు. ఎట్లా ఉంటే ఆయన నమ్ముతాడో నాకు తెలియలేదు. నా చెయ్యి గాలిలో అట్లాగే ఉండిపోయింది.

ఆయన నన్ను దాటి కంప దగ్గరికి నడిచాడు.

"నువ్వు చెప్పు బిడ్డా," అన్నాడు తస్లీమ్‌తో. "గా సీసల మందున్నదా?"

తస్లీమ్ నా వైపు ఒకసారి చూసింది. నేను ల్యాబ్‌లో అందరి ముందూ అన్న మాటలన్నీ ఆ చూపులో ఉన్నాయి. ఆమె కావాలంటే అప్పుడు ఏమైనా అనొచ్చు.

"ఉన్నది కాకా," అంది. "నేనే తూచి పోసిన."

నాయిన అప్పుడు వెనక్కి వచ్చి నా చేతిలోంచి సీసా తీసుకున్నాడు. నా వంక చూడలేదు. ఒక గొర్రెను మెడ పట్టి ఆపి, మూత తిప్పుతూ కంప వైపు తిరిగాడు.

"ఎన్ని చుక్కలెయ్యాలె బిడ్డా?" అని తస్లీమ్‌నే అడిగాడు.